రెండుసార్లే కరిగిన బిళ్ళ

రాయపూర్‌లోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో కొలిమి దగ్గర మన కొండలరావు మాటే మాట. శ్రీకాకుళం నుంచి వచ్చి ల్యాబ్ అసిస్టెంటుగా చేరి ఇరవై ఏళ్లయింది. "కొండలరావు కరిగించాడు" అంటే చాలు, ఇక ఎవరూ మారు ప్రశ్న వేసేవారు కాదు.

1995లో లెక్చరర్ రత్నకుమారి పీహెచ్‌డీ పని అతని చేతుల్లోనే నడుస్తోంది. టైటానియం, అల్యూమినియం కలిస్తే వచ్చే పదార్థం ఉక్కులో సగం బరువే, కానీ గాజులా పెళుసు. దానికి కాస్త నయోబియం అనే లోహం కలిపితే బలం పెరుగుతుందని ఆమె మూడేళ్లుగా తంటాలు పడుతోంది. ఈ నయోబియం మహా మొండిది, ఓ పట్టాన కరగదు. అందుకే ఆ మిశ్రమాన్ని మినపగారెంత బిళ్ళగా పోసి, తిరగేస్తూ ఐదుసార్లు కరిగించాలి.

మే నెల ఎండ. దేవేంద్ర నగర్‌లో స్నేహితుడు అమ్మిరాజు ఇంట్లో పేకాట. అదీ సంగతి! పెద్దమనిషి రెండుసార్లు కరిగించి, ల్యాబ్ పుస్తకంలో ఐదని రాసి, సైకిలెక్కాడు.

వారం తిరక్కుండా ఆ బిళ్ళలోంచి కోసిన ముక్కను మెషిన్లో పెట్టి నొక్కితే, ఆమె అనుకున్న బలంలో సగానికే పుటుక్కుమంది. గైడు అందరి ముందూ ఆమెను కడిగిపారేశాడు. రత్నకుమారి మాత్రం, "చేసింది కొండలరావు గారు సార్, అందులో తప్పుండదు. నా అంచనాయే తప్పు. నయోబియం అధ్యాయం తీసేస్తాను," అంది.

పక్కనే నిలబడ్డ కొండలరావుకి తల కొట్టేసినట్టయింది. ఛీ, ఏం బతుకు! రెండు రోజులు అన్నం సయించలేదు. "ఏటయినాది మీకు? తబియత్ బాగోనేదా?" అని భార్య పైడమ్మ అడిగితే మొహం తిప్పుకున్నాడు. మూడోరోజు విరిగిన ముక్క తెచ్చి రత్నకుమారి బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాదే మేడమ్. పేకాటకని రెండుసార్లే కరిగించినాను. ఝూట్ రాసినాను."

ఆమె ముక్కను మైక్రోస్కోపు కింద చూసింది. కరగని నయోబియం గింజ అలాగే ఉంది. తిట్టినా బాగుండేది. "చెప్పారు, మంచిది," అని ఊరుకుంది. తను పక్కనే నిలబడి మరో బిళ్ళ చేయించింది. ఈసారి బలం ఆమె అనుకున్నంత వచ్చింది, అధ్యాయం నిలిచింది. పాపం, గండం గడిచిందనుకున్నాడు.

మర్నాడు వెళ్లేసరికి, మూడేళ్లలో అతను చేసిన ఇరవై రెండు బిళ్ళలూ బల్ల మీద వరసగా ఉన్నాయి.

"ఇవన్నీ కోయండి కొండలరావు గారూ, లోపల చూడాలి."

"అవన్నీ సరిగ్గానే సేసినాను మేడమ్! మాయమ్మ మీద ఒట్టు!"

ఆమె కళ్లెత్తలేదు. "సరే. అయినా కోయండి."

అతను మొదటి బిళ్ళను రంపం కింద బిగించాడు.