చాంది తెల్లగాజులు

చాంది ఎడమ రొమ్ము మీద, చర్మంలోనే, చింతగింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు. అద్దాల రవికె ఒరుసుకుని లేచిందని ఆమె అత్త సోని తేల్చింది. కొడవలి మొన కాల్చి వాత పెట్టింది. చండ్రుగొండ దగ్గరి ఆ తండాలో ఏ గడ్డకైనా ముందు వాతే.

గడ్డ పోలేదు. వాత మచ్చ కింద పెరిగింది. మరుసటేడు, 2004లో, ఖమ్మంలో ఒక డాక్టరు చూసి కాలిన మచ్చ ఉబ్బిందన్నాడు. పైపైన కోసి కుట్లేశాడు. ముక్కను పరీక్షకు పంపలేదు. పత్తి ఏరే కాలానికి అదే చోట ఎర్రటి బుడిపెలు లేచాయి, గట్టిగా.

ఈసారి పెద్ద దవాఖానాకు పోయారు. డాక్టరమ్మ మనోజ్ఞ ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక కూర్చోబెట్టి చెప్పింది. ఇది రొమ్ము లోపల పుట్టే క్యాన్సరు కాదు, చర్మంలో పుట్టేది, అరుదు. కనిపించేది కొంతే, వేళ్లు చర్మం కింద పక్కలకు పాకుతాయి. చుట్టూ బాగున్న చర్మంతో సహా, కింది కండ పొర దాకా కోస్తే బతుకుతుంది. రొమ్ము ఉండదు. చెయ్యెత్తి చంక దాకా శుభ్రం చేయాలి కాబట్టి గాజులు తీయాలి.

చాంది రొమ్ము గురించి అడగలేదు. గాజుల గురించి అడిగింది. మోచేతి పైనుంచి చంక దాకా, పెళ్లినాడు ఎక్కించిన తెల్లగాజులు. ఇప్పుడు జారవు, కోయాల్సిందే. లంబాడీల్లో మొగుడు పోయిననాడే వాటిని తీస్తారు.

వరండాలో సోని తన కొడుకు, చాంది మొగుడు దస్రు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా కొడుకు బతికుండంగ గాజులు కోయించుకుంటవా? వాన్ని చంపుతవానే?"

దస్రు గోడకేసి చూస్తూ అన్నాడు. "గడ్డతోని ఇన్ని దినాలు ఉన్నవు గదా. ఉండు."

చాంది లోపలికి పోయి నర్సు ముందు చెయ్యి చాపింది. నర్సు గాజులు ఒక్కొక్కటే కోసింది. కింద చర్మం ఎండ ఎరగక పాలిపోయి ఉంది.

ఆపరేషన్ బాగా జరిగింది. తొడ చర్మం తెచ్చి అతికారు. కోసిన అంచుల్లో జబ్బు మిగల్లేదని రిపోర్టు వచ్చింది. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. బస్సెక్కి ఒక్కతే తండాకు పోయింది. సోని గడప దగ్గరే ఆపింది, ముండమోసిన చేత్తో లోపలికి రావద్దంది. లోపల దస్రు అన్నం తింటున్నాడు. లేవలేదు.

అప్పటినుంచి చాంది పశువుల కొట్టంలో ఉంటుంది, కూలికి పోతుంది. మిరప చేలో కొత్తగా వచ్చిన ఆడవాళ్లు ఆమె బోసి చెయ్యి చూసి, మొగుడు ఎప్పుడు పోయిండని అడుగుతారు. పక్క సాలులో దస్రు కాయలు ఏరుతుంటాడు.

"నన్ను కోసిననాడు," అంటుంది చాంది.

దస్రు సంచి భుజానేసుకుని చేని గట్టు ఎక్కుతాడు.