విన్నానని రాసిన చీటీ

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నా డైరీలో కూడా అబద్ధమే రాసుకున్నాను. "నాగర్‌కర్నూల్ వెళ్ళాను. గిటారు చూశాను. శబ్దం విన్నాను. కొన్నాను." ఇందులో మూడో వాక్యం నిజం కాదు.

డిగ్రీ అయిన ఏడాది జూన్‌లో వనపర్తిలోని ఒక రిపేరు దుకాణంలో పనికి చేరాను. సౌండ్ సిస్టమ్‌లు, సంగీత వాద్యాలు బాగుచేసే దుకాణం అది. యజమాని గఫూర్ ఉస్తాద్. మాది గద్వాల. అమ్మానాన్నలు చీరలు నేస్తారు. నేను వనపర్తిలో చిన్నమ్మ ఇంట్లో ఉండి పనికి వెళ్ళేదాన్ని. మూడేళ్ళు చేసి మానేశాను. మానేసి ఏడాది దాటింది.

ఆ దుకాణంలో పనికి ఒక వరస ఉండేది. కొత్తవాళ్ళు ముందు మైకు వైర్లు సోల్డరింగ్ చేయాలి. చెయ్యి కుదిరాక ఆంప్లిఫయర్లు విప్పనిస్తారు. అదీ బాగా వచ్చాక, పాత వాద్యాలు చూసి కొనుక్కురమ్మని ఊళ్ళకు పంపుతారు. నాకు ఆ మూడో పని రావడానికి ఏడాదిన్నర పట్టింది. చేతి పని తెలియక కాదు, మాట్లాడలేక. నాలుగు మాటలు అడగాల్సిన చోట ఒకటి అడిగి బయటపడే మనిషిని. సంచిలో ఎప్పుడూ లైబ్రరీ పుస్తకం ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాని వెనక తలదాచుకునేదాన్ని.

కొనుక్కొచ్చిన ప్రతి వాద్యానికీ ఉస్తాద్ ఒక అట్టచీటీ కట్టించేవాడు. గిటారు చీటీలో నాలుగు గడులు: మెడ, మెట్లు, బిరడాలు, శబ్దం. మెడ వంగలేదని, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు అరగలేదని, తీగలు బిగించే బిరడాలు జారడం లేదని, ఆంప్‌కు తగిలించి శబ్దం విన్నామని ఒక్కో గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేయాలి. ఆ చీటీ అమ్ముడుపోయేదాకా వాద్యానికే వేలాడుతుంది. కొనేవాళ్ళు దాన్ని చదివే కొంటారు. దుకాణం పేరు నిలబడింది దాని మీదే.

మొదటిసారి ఒంటరిగా నాగర్‌కర్నూల్ వెళ్ళింది ఒక ఎలక్ట్రిక్ గిటారు కోసం. అమ్మే ఆయన పేరు యాదగిరి. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్ళు వాయించి, వేళ్ళు బిగుసుకుపోయి మానేశాడు. పాత దుప్పట్లో చుట్టిన గిటారు తెచ్చి నా ముందు పెట్టాడు. చెమట, దుమ్ము, పందిళ్ళ పొగ, గులాలు కలిసి జిడ్డుగా పేరుకుపోయి దాని రంగేమిటో తెలియడం లేదు. తీగలన్నీ తుప్పు. ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాను, సూటిగానే ఉంది. మెట్లూ బిరడాలూ సరిపోయాయి. వాళ్ళింట్లో ఉన్న ఆంప్‌కు వైరు తగిలించి స్విచ్ వేయబోతుంటే ఫ్యాన్ ఆగిపోయింది. కరెంటు పోయింది.

వాకిట్లో చుట్టాలు నలుగురు కూర్చుని నన్నే చూస్తున్నారు. ఒకావిడ, "పిల్లా, నీకు కొట్టనీకె వస్తదా, ఊకె తుడుస్తవా?" అంది. అందరూ నవ్వారు.

"ఊకోర్రి, పరేషాన్ చేస్తున్రు పిల్లను" అని వాళ్ళను కసిరి, యాదగిరి నాతో అన్నాడు: "గంటల వస్తది బిడ్డా. కూసో, చాయ్ తాగు. జర నీకు ఒక ముచ్చట గూడ చెప్పేదుంది."

గంటసేపు ఆ చూపుల మధ్య కూర్చోవడం నా వల్ల కాలేదు. బస్సు టైమైందని చెప్పి, మాట్లాడుకున్న పైకం ఇచ్చి, గిటారు తీసుకుని వచ్చేశాను. బస్సులో చీటీ తీసి నాలుగు గడుల్లోనూ టిక్కు పెట్టాను.

ఉస్తాద్ చీటీ చూసి, "సౌండ్ విన్నవా బేటీ?" అని అడిగాడు. విన్నానన్నాను. ఆయన అప్పుడే అమ్రాబాద్‌కు ఫోన్ చేశాడు. అక్కడి చర్చి పాటల బృందం చాలా రోజులుగా గిటారు కోసం చూస్తోంది. "శనివారం వచ్చి కొంచపోర్రి. మా పిల్ల చెవి వెట్టి విన్నది, ఇగ ఫికర్ లేదు" అన్నాడు. అబద్ధం నాది, మాట ఆయనది అయిపోయింది. మర్నాడు గురువారం ఆయన ఏదో ఫంక్షన్‌కు సౌండ్ పెట్టడానికి తిమ్మాజిపేట వెళ్ళాడు. శుక్రవారం రాత్రికి గాని రాడు. గిటారు శుభ్రం చేసే పని నాకు అప్పజెప్పాడు.

శుభ్రం చేసే ముందు శబ్దం వినాలనిపించింది. ఆంప్‌కు తగిలించి తీగ మీటాను. ఏమీ రాలేదు. వైరు మార్చాను, వేరే ఆంప్‌కు పెట్టాను. ఆంప్ సన్నగా బుస్సుమంటోందే గాని తీగల మాట లేదు.

భయం వేసినప్పుడు చేతికి పని ఇవ్వడం నాకు అలవాటు. తీగలు విప్పేశాను. పికప్ మీద టేపు అంటించాను. తీగల కింద ఉండే ఈ పికప్ ఒక అయస్కాంతం. చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ కదిలితే ఆ కదలిక దీనిలోంచే ఆంప్‌కు చేరుతుంది. మెట్లను ఇనుప పీచుతో రుద్దేటప్పుడు రాలే రజను అయస్కాంతానికి పట్టకుండా టేపు వేయాలి. గట్టిపడ్డ జిడ్డును వైట్ పెట్రోల్ అద్దిన గుడ్డతో కొంచెం కొంచెంగా తీశాను. మెట్ల అంచుల్లోని మట్టిని పాత టూత్‌బ్రష్షుతో తోడాను. గుడ్డలు మారుస్తూ పోతుంటే, నల్లది అనుకున్న గిటారు సాయంత్రానికి ముదురు ఎరుపుగా బయటపడింది. చూడటానికి అందంగా ఉంది. అది నన్ను ఇంకా భయపెట్టింది.

శుక్రవారం లోపలి వైర్లు విప్పి ఒక్కొక్కటీ మీటర్‌తో చూశాను. అన్నీ బాగున్నాయి. చివరికి పికప్ రెండు కొసలకూ మీటర్ పెడితే ముల్లు కదల్లేదు. లోపల ఎక్కడో రాగి తీగ తెగింది. దీనికి ఒక్కటే పికప్. మధ్యలో తెగి ఉంటే మొత్తం విప్పి మళ్ళీ చుట్టాలి. ఆ యంత్రం మా దగ్గర లేదు. పైచుట్టులో తెగి ఉంటే మాత్రం ఆశ ఉంది.

ఆ రాగి చుట్ల కాయిల్ మీద చుట్టిన పట్టీ ఊడదీశాను. తెగిన కొస కంటికి కనబడలేదు. మా ఇంట్లో మగ్గం మీద పట్టుపోగు తెగినప్పుడు అమ్మ కళ్ళతో వెతకదు. వేలు తడి చేసుకుని, నేత సాగే వైపుకు ఎదురుగా మెల్లగా నిమురుతుంది. లేచిన కొస వేలికి అంటుకుంటుంది. నేనూ కాయిల్ మీద అలాగే నిమిరాను. చాలాసేపటికి ఒక కొస లేచింది. చెమట తగిలి పైచుట్టు దగ్గరే చిలుము తినేసి తెగిపోయింది. ఒక చుట్టు విప్పి, దాని పూత గీకి, వైరుకు సోల్డర్ చేశాను. మీటర్ ముల్లు కదిలింది. కొత్త తీగలు వేసి ఆంప్‌కు తగిలించాక దుకాణమంతా మోగింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎప్పటిలా సిగ్గుపడటం కూడా మర్చిపోయాను.

శనివారం మధ్యాహ్నం అమ్రాబాద్ వాళ్ళు వచ్చారు, చీటీ చదివారు, వాయించి చూసి తీసుకుపోయారు. ఉస్తాద్ నన్ను మెచ్చుకుని, తర్వాతి నెల మరో ఊరికి పంపాడు. చీటీ మీది మాట ఆ శనివారానికి నిజమైంది గాని, రాసిన రోజు అది నిజం కాదు. పనితనం దాన్ని కప్పింది, అంతే. మధ్యలో తెగి ఉంటే కప్పేది కాదు, అప్పుడు పోయేది ఉస్తాద్ మాట. ఆ తర్వాత కరెంటు లేని చోట వచ్చేదాకా కూర్చున్నాను. కూర్చోలేనప్పుడు ఆ గడిలో "వినలేదు" అని రాశాను. అలా రాసినందుకు ఉస్తాద్ ఎన్నడూ ఏమీ అనలేదు. పరీక్ష చేయలేదని రాయడం కూడా పరీక్షలో భాగమేనని నాకు తెలిసింది అలాగే.

ఆ శనివారం పొద్దున, ఇంకా ఉస్తాద్ రాకముందు, దుకాణానికి యాదగిరి ఫోన్ చేశాడు. మూడు రోజులుగా నిద్ర పట్టలేదన్నాడు. "అది పలుకుత లేదు బిడ్డా. చెప్దామనే చాయ్ తాగమన్న. నువ్వు ఆగకపోతివి."

చాయ్ తాగి ఉంటే మొదటి రోజే తెలిసేదన్నమాట. బాగుచేశానని, ఇప్పుడు పలుకుతోందని చెప్పాను. "ఏదీ, జర వినిపియ్" అన్నాడాయన.

నాకు వాయించడం రాదు. ఫోన్‌ను ఆంప్ ముందు పెట్టి, ఆరు తీగలూ పైనుంచి కిందికి ఒక్కొక్కటే మీటాను. ఆఖరి తీగ మోత పూర్తిగా ఆగేదాకా ఆగి, ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"మూడో తీగ శ్రుతి జర దిగింది బిడ్డా. ఇంత గుంజు."