పదకొండు మంది తేలేదాకా మూత తీయం

ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను టీవీ సౌండ్ తీసేసి క్రికెట్ మ్యాచ్‌కు కామెంటరీ చెప్తాను. తెలుగులో, పైకే, చేతిలో దువ్వెన పట్టుకుని. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు తెలియదు. ఏళ్ళ తరబడి రాస్తున్న డైరీలో కూడా రాయలేదు. కాప్రాలో మా పక్క వాటా వాళ్ళకు గోడలోంచి వినిపించినా టీవీ అనుకుని ఉంటారు.

ఈ విశాఖపట్నం ప్రయాణం గురించి రాయాలంటే ముందు ఆ మాట చెప్పక తప్పదు. ఎందుకంటే బయలుదేరే రోజు పొద్దున నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. ఊళ్ళో జరిగే లీగ్ మ్యాచ్‌లను ఆన్‌లైన్‌లో చూపించే చిన్న ఛానల్ ఒకటి తెలుగు కామెంటేటర్ల కోసం వెతుకుతోంది. అంతకుముందెప్పుడో ఒకానొక ధైర్యపు క్షణంలో నా పేరు పంపాను. సోమవారం తిరుమలగిరిలో వాయిస్ టెస్ట్ అట. వస్తానో రానో శనివారం సాయంత్రంలోగా చెప్పమన్నారు. నలుగురున్న చోట సుమ అన్న నా పేరు కూడా పైకి చెప్పలేను నేను. జవాబివ్వకుండా ఫోన్‌ను బ్యాగులో, పుస్తకం కింద పడేసి స్టేషన్‌కు వెళ్ళిపోయాను.

గురువారం సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కాం. మొత్తం ఎనిమిది మందిమి. బాబాయికి బోయిగూడలో మందుల దుకాణం ఉంది. మావాళ్ళు భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు కానీ బాబాయి స్నేహాలన్నీ బోయిగూడవే. దుకాణం పక్కనే బట్టలు కుట్టే ఖాజా మామ, ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే నర్సింగ్ అన్న, మరో ముగ్గురు. ఏటా ఒక వన్డే మ్యాచ్‌కు ఎక్కడికైనా వెళ్తారు. ఈసారి పిన్ని కూడా బయలుదేరింది. ఆమెకు తోడుగా నేను. "పుస్తకాల్లోంచి లేచి ఒక్క మ్యాచ్ చూడవే, కళ్ళకు మంచిది" అన్నాడు బాబాయి.

వెళ్ళాలనుకునేవారి కోసం కొన్ని వివరాలు. రైలు తెల్లారాక విశాఖలో దింపుతుంది. స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో, దొండపర్తి వైపు లాడ్జీలున్నాయి. మ్యాచ్ రోజున రేట్లు పెంచుతారు కాబట్టి ముందే మాట్లాడుకోవాలి. టిఫిన్ అయ్యాక ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండ్ నుంచి స్టేడియం ఉన్న మధురవాడకు సిటీ బస్సు. బస్సు నిండా నీలం చొక్కాలే. కండక్టర్ టికెట్లు కొడుతూనే "స్పిన్నర్లెందరు? ఇద్దరేనా? ఇక్కడ రాత్రికి మంచు పడతాదండీ, చూస్కోండి" అని హెచ్చరించాడు. నీళ్ళ సీసాలు గేటు దగ్గరే తీసేసుకుంటారు. సీట్లు ఎంచుకునేటప్పుడు స్తంభాలు చూసుకోండి. నాకు వరుస చివరి సీటు వచ్చింది. ఎదురుగా ఉన్న స్తంభం పెద్ద తెరను పూర్తిగా కప్పేసింది. "అయ్యో, నీకేం కనిపించదు కదే" అని పిన్ని జాలిపడింది. నాకు మైదానం మాత్రం కనిపిస్తోంది. చాలనుకున్నాను.

మనవాళ్ళు ఓడిపోయారు. చేతిలో ఉన్న మ్యాచ్. చివరి ఓవర్లలో కీపర్ ఒక స్టంపింగ్ వదిలేశాడు. ఆ బతికిన బ్యాట్స్‌మనే గెలిపించుకుపోయాడు. పేర్లు రాయను, ఆ రోజు వాళ్ళకు పడిన తిట్లు చాలు. లాడ్జికి వచ్చాక డైరీలో ఒక్క వాక్యం రాసుకుని పడుకున్నాను. కీపర్ తప్పు కాదు.

శనివారం పొద్దున్నే తిరుగు రైలు. గుంటూరు, నల్గొండల మీదుగా సాయంత్రానికి సికింద్రాబాద్ చేర్చే పగటి బండి, సెకండ్ సిట్టింగ్, ఎదురెదురు సీట్లు. విశాఖలోనే అల్లిపురంలో ఉండే పిన్నివాళ్ళ అక్క పెద్ద స్టీలు గిన్నె నిండా పులిహోర, ఇంకో డబ్బాలో గారెలు ఇచ్చి పంపింది. రైలు కదలగానే ఖాజా మామ ఆ గిన్నెను తన కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"రూల్ యాదికున్నది గదా?" అన్నాడు.

బోయిగూడ వాళ్ళ ఆచారం అది. జట్టు గెలిస్తే రైలెక్కగానే తింటారు. ఓడితే మాత్రం తర్వాతి మ్యాచ్‌కు పదకొండు మందిని తేల్చేదాకా గిన్నె మూత తీయరు. ఒకరిని తీసెయ్యాలన్నవాడు బదులు ఎవరో చెప్పాలి. ప్రతి పేరుకూ అందరి చేతులూ లేవాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ పేరు తేలనట్టే.

అనకాపల్లి దాటకముందే గొడవ మొదలైంది.

"ఓపెనర్ జోలికొస్తే ఒప్పుకోను. వాడు మనోడు" అన్నాడు బాబాయి.

"మనోడంటే ఎట్ల అన్నా?" అన్నాడు నర్సింగ్ అన్న.

"ఎడంచేతి వాటం. నాలాగే."

"గట్లయితే మా బామ్మర్దిని సుత పెట్టు. వాడు సుత ఎడమచేతితోనే తింటడు."

తునిలో ఒక పేరు తేలింది. సామర్లకోటకు ఇంకో రెండు. గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే మా వరుసలో ఎవరూ కిటికీలోంచి చూడలేదు. ఆల్‌రౌండర్ ఏడో స్థానంలో రావాలా, ఆరులోనా అన్నది అప్పుడే తేలుతోంది. నా పక్క సీటులో విజయనగరం నుంచి తిరుమలగిరిలో కూతురింటికి వెళ్తున్న ఒక మామ్మగారు ఉన్నారు. ఏలూరు దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక అడిగారు.

"ఏటి బాబూ, ఓడింది ఆళ్ళు కదా. మీకేటి ఈ ఉపవాసం?"

"రూల్ మామ్మా" అన్నాడు ఖాజా మామ.

"నాకూ పెడతారా, లేపోతే నన్ను కూడా ఆడమంటారా?"

విజయవాడ దాటేసరికి పది మంది తేలారు. పులిహోర వాసన మూతలోంచి పొగలా వస్తోంది. మిగిలింది కీపర్ ఒక్కడే. అందులో వాదనే లేదు.

"వాణ్ని పీకెయ్యాలె. నేను బోయిగూడ టీమ్‌కు కీపింగ్ చేసిన, నాకు తెల్వదా? ముసలవ్వ సుత పడుతుండె ఆ బాల్" అన్నాడు ఖాజా మామ.

"నన్నేనా అంతన్నావు?" అన్నారు మామ్మగారు.

అందరూ నవ్వారు. బదులుగా రెండో కీపర్ పేరు చెప్పారు. చేతులు లేచాయి. పిన్ని ఒక చెయ్యి ఎత్తి రెండో చేత్తో అప్పుడే ప్లేట్లు తీస్తోంది.

అప్పటిదాకా ప్రతి పేరుకూ నలుగురితో పాటు నేనూ చెయ్యెత్తాను. ఈసారి లేవలేదు. ఒడిలో పుస్తకం మీద అలాగే ఉండిపోయింది.

"ఏం సుమా, చెయ్యి నొస్తున్నదా?" అన్నాడు నర్సింగ్ అన్న.

"ఎత్తవే, ఆకలేస్తోంది" అని పిన్ని గుసగుసలాడింది.

ఏడుగురు నన్నే చూస్తున్నారు, మామ్మగారితో కలిపి ఎనిమిది. ఎత్తేస్తే అయిపోతుంది. అందరూ తింటారు, నన్ను మరిచిపోతారు. సోమవారం వాయిస్ టెస్ట్ కూడా అలాగే దాటిపోతుంది.

"నేను వాదించలేను మామా" అన్నాను. "ఆ ఓవర్ చెప్తాను. వినండి."

కిటికీ వైపు తిరిగాను. మనుషుల ముఖాలు కనిపించకపోతే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. మొదటి మాట సన్నగా వచ్చింది. రెండో మాట నాది.

"స్పిన్నర్ బంతిని తువ్వాలుతో తుడుస్తున్నాడు, కానీ ఆ తువ్వాలే తడిసి ముద్దయింది. వికెట్ల వెనక కీపర్ చెయ్యి పైకెత్తి డ్రెస్సింగ్ రూమ్ వైపు ఊపుతున్నాడు, పొడి గ్లవ్స్ కోసం. గ్లవ్స్ పట్టుకుని పన్నెండో ఆటగాడు బౌండరీ తాడు దాకా పరుగెత్తుకొచ్చాడు. అంపైర్ ఆగమన్నాడు, ఓవర్ అయ్యాకే. మొదటి బంతి, లాంగాన్‌కు ఒక పరుగు. అక్కడి నుంచి విసిరిన బంతి తడిగడ్డి మీద దొర్లి కీపర్ చేతుల్లోకే వచ్చింది. మళ్ళీ చెయ్యెత్తాడు. మళ్ళీ ఎవరూ రాలేదు. వంగి, క్రీజు వెనక పొడిమట్టిలో అరచేతులు రాసుకుంటున్నాడు. ఇదిగో, బ్యాట్స్‌మన్ ముందుకు దూకాడు, బంతి గాలిలో తేలి, పడి, తిరిగి, బ్యాటును దాటేసింది! కీపర్ అక్కడే ఉన్నాడు, ఉండాల్సిన చోటే ఉన్నాడు, రెండు చేతుల మధ్యకే వచ్చిన బంతి చేపపిల్లలా జారిపోయింది! స్టేడియమంతా తల పట్టుకుంది. అతను మాత్రం తల పట్టుకోలేదు. ఆ రెండు చేతులూ డ్రెస్సింగ్ రూమ్‌కు చూపిస్తున్నాడు."

ఆగి ఇటు తిరిగాను. పల్లీలు అమ్ముకునే అతను బుట్టతో సహా మా దగ్గరే నిలబడిపోయి ఉన్నాడు. పక్క వరుసల వాళ్ళు లేచి చూస్తున్నారు.

ఖాజా మామ ముందుకు వంగాడు. "ఏ చెయ్యి ఎత్తిండు బేటీ?"

"ఎడమ చెయ్యి. కుడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు."

ఆయన తన చేతుల్ని కాసేపు చూసుకున్నాడు. "తడి గ్లవ్స్‌ల బాల్ సబ్బు లెక్క ఉంటది. నాకు తెల్వాలె గీ సంగతి." మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "మరి మనకెందుకు కనబడలేదురా?"

"స్క్రీన్ మీద చూపియ్యలే మామా. రీప్లేల వట్టి చేతులే చూపిచ్చిండ్రు" అన్నాడు నర్సింగ్ అన్న.

"అంటే గింత దూరమొచ్చి మనం టీవీ చూసినం. మ్యాచ్ ఈ పిల్ల చూసింది."

"ఇంత తెలుగు ఎక్కడ దాచావే?" అన్నాడు బాబాయి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు.

"కీపర్ ఉంటడు. చేతులెత్తుండ్రి!" అన్నాడు ఖాజా మామ.

అన్ని చేతులూ లేచాయి. మామ్మగారిదీ లేచింది, పల్లీల అతనిదీ లేచింది. గుంటూరు స్టేషన్లోకి రైలు వస్తుండగా గిన్నె మూత తీశారు. అంత రుచిగల పులిహోర నేను ఎప్పుడూ తినలేదు. ఆకలి వల్ల మాత్రమే కాదు. తింటున్నంతసేపూ పక్క వరుసల నుంచి "ఇంకో ఓవర్ చెప్పమ్మా" అని అడుగుతూనే ఉన్నారు. గారె చేత్తో పట్టుకుని ఇంకో రెండు ఓవర్లు చెప్పాను. ఈసారి కిటికీ వైపు తిరగలేదు.

రైలు రెండోసారి కృష్ణ దాటాక ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. మిర్యాలగూడలో వచ్చింది. ఛానల్ వాళ్ళకు "వస్తాను" అని టైపు చేసి, మళ్ళీ ఆలోచించుకునే అవకాశం నాకు నేనే ఇవ్వకుండా పంపేశాను.

విశాఖలో సముద్రం చూశారా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. చూడలేదు, తీరిక దొరకలేదు. ఓడిన మ్యాచ్ నుంచి ఇంత సంతోషంగా తిరిగొచ్చినవాళ్ళు ఆ రైలులో మేం తప్ప ఇంకెవరూ ఉండరు. నల్గొండ తర్వాత పొలాల మీద ఎండ పచ్చబడింది. మామ్మగారు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు.

సికింద్రాబాద్‌లో దిగేసరికి చీకటి పడుతోంది. మామ్మగారి కూతురొచ్చి ఆమెను తీసుకెళ్ళింది. మేం స్టేషన్ బయట ఆటోల దగ్గర విడిపోతున్నాం. ఖాళీ గిన్నె చంకలో పెట్టుకుని రెండడుగులు వేసిన ఖాజా మామ వెనక్కి తిరిగి, ఆ హారన్ల మధ్య నాకు వినపడేలా గట్టిగా అరిచాడు.

"బేటీ, రేపు ఆయితారం మ్యాచ్‌కు మా ఇంట్ల టీవీ సౌండ్ బంద్! నువ్వొచ్చి చెప్పాలె!"