గోలీకి చేసిన ప్రార్థన

మన ఎముకలను అమర్చి, ఇంతకాలం నిలబెట్టిన సృష్టికర్తకు స్తోత్రం.

నా ఎముకలు బలహీనపడ్డాయని డాక్టర్ కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాశారు. విశ్వాసికి ఇవెందుకని నేను వాటిని బ్యాగులోనే ఉంచేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాక, పక్కసీటులోని పెద్దావిడ అలాంటి మాత్రలే బయటికి తీసింది. ఆమె మెడలో సిలువ ఉంది.

"ప్రార్థన చాలదా, పెద్దమ్మా?" అన్నాను ఎగతాళిగా.

"జర ఆగు బిడ్డా."

మాత్రను అరచేతిలో పెట్టుకుని, అన్నం ముందు చేసినట్టే కళ్లు మూసుకుని ప్రార్థించి, మింగింది.

"అన్నమిచ్చిన దేవుడే గీ గోలీ ఇచ్చిండు. సైతానిచ్చిండనుకున్నవా?" అని నవ్వింది.

ఎల్బీనగర్‌లో ఆమె దిగిపోయింది. తర్వాత బ్యాగు తెరిచాను.

ప్రియులారా, నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, నీవిచ్చినదాన్ని తోసేసిన నా గర్వాన్ని క్షమించు. ఈ మాత్ర కోసం నీకు వందనాలు. ఆమేన్.