సందు లేని తలుపు

మా బావ వడ్రంగి. తలుపు బిగిస్తే చుట్టూ కాగితం ముక్క కూడా దూరకూడదు, అదీ ఆయన పంతం. పని అయ్యాక జేబులోంచి పాత సినిమా టికెట్టు తీసి అంచుల వెంబడి తోసి చూసేవాడు. అది ఎక్కడైనా దూరిందా, ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు. వానలకు చెక్క ఉబ్బి తలుపులు పట్టేస్తున్నాయని జనం మొత్తుకుంటే, "గట్టిగా తొయ్యండి, అరిగిపోరు" అనేవాడు. నోరు కాస్త దురుసు. నాదీ అంతే కాబట్టి, అక్కావాళ్లతో కలిసి ఒకే ఇంట్లో ఉన్నా మా ఇద్దరికీ బాగానే పడేది.

సొంత ఇంట్లో స్నానాలగది తలుపు మరీ ముచ్చటపడి చేసుకున్నాడు. నెల్లాళ్ల పని.

భూకంపం ఉదయం పదింటికి వచ్చింది. నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. అక్క స్నానానికి వెళ్లింది. బావ అరుగు మీద ఉలి నూరుకుంటున్నాడు. కాళ్ల కింద నేల జరిగింది, తొట్టిలో నీళ్లు ఒలికిపోయాయి. ఊపు ఆగేసరికి వీధివీధంతా బయటే ఉంది, మా అక్క తప్ప.

గోడ ఒరిగి, ద్వారబంధం వంకరపోయి తలుపును కరిచి పట్టుకుంది. అక్క గడియ తీసి లోపలినుంచి లాగుతోంది, బావ బయటినుంచి భుజంతో గుద్దుతున్నాడు. కదిలితే కదా. గునపం మొన దూర్చడానికి చోటుంటే పెకలించవచ్చు. బావ చుట్టూ తడిమి చూశాడు. ఆ చోటు లేకుండా చేసింది తనే.

"ఏమండీ, పైన గోడ బీటలిస్తోంది" అంది అక్క.

"మూలకి పో. నేను తీస్తాగా."

అంతలో రెండో ఊపు. లోపల ఏదో కూలింది. బావ పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. ఆయన గొంతు అలా చీలిపోవడం నేనెప్పుడూ వినలేదు, ఇక వినకూడదు కూడా.

గొడ్డలి తెచ్చి తలుపు నడిమి పలక మీద వేశాడు. ఎనిమిది దెబ్బలు. ఆ కంతలోంచి సున్నం కొట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది. దుమ్ము గొంతుకడ్డం పడి అక్కకు మాట రాలేదు, అంతే. బావ ఆ పలక మొత్తం ఊడగొట్టాడు. నేను తడి దుప్పటి కప్పాను, ఇద్దరం కలిసి లాగాం. వీధిలోకి వచ్చాక బావ నేల మీద కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన కొత్త పని ఒప్పుకోలేదు. తను తలుపులు బిగించిన ఇల్లిల్లూ తిరిగి, అంచులు చిత్రిక పట్టి, వేలు దూరేంత సందు చేశాడు. ఒక పంతులమ్మ కోప్పడింది.

"లక్షణంగా ఉన్న తలుపు పాడుచేస్తున్నావు. చలిగాలి వస్తేనో?"

"రానివ్వండమ్మా. గుడ్డ కుక్కుకోండి" అన్నాడు. నోటి దురుసు ఎక్కడికి పోతుంది.

ఇల్లు బాగుచేసుకున్నాక స్నానాలగదికి కొత్త తలుపు పెట్టాడు. అది బయటికి తెరుచుకుంటుంది, సందుల్లోంచి గాలి ఈల వేస్తుంది. అయినా అక్క లోపలుంటే బావ ఇల్లు వదిలి కదలడు. అరుగు మీద ఉలి పట్టుకుని కూర్చుంటాడు, నూరడు. పిలిచి అడగడానికి నామోషీ. మొదట్లో నేను ఆటపట్టించబోతే అక్క ఒక్క చూపు చూసింది, నోరు మూసుకున్నాను.

ఇప్పుడు నీళ్లు పోసుకుంటూ మధ్యమధ్యలో, ఎవరూ పిలవకుండానే, అక్కే అంటుంది.

"ఉన్నానండీ."

అప్పుడు అరుగు మీద ఉలి నూరుతున్న చప్పుడు మొదలవుతుంది.