బడి ముందరి స్పీడ్ బ్రేకర్

మొన్న శనివారం పొద్దున కూరగాయలు కొనుక్కొని వస్తూ, నేను ముప్పయ్యేండ్లు పాఠాలు చెప్పిన బడి ముందర రోడ్డు దాటుతుంటే, ఒక మోటారు సైకిలు నా కొంగును రాసుకుంటూ దూసుకుపోయింది. చేతిలో సంచి జారిపడి టమాటలు రోడ్డంతా దొర్లాయి. బండి కొంచెం దూరం పోయి ఆగితే, పాపం ఏమన్నా తగిలిందా అని అడుగుతాడేమోననుకున్నాను. వాడు తల వెనక్కి తిప్పి, "ఓ ముసల్దానా, సావనీకి నా బండే దొరికిందా?" అని అరిచి పోయాడు. వెనుక సీటు మీద భార్య, ఆమె ఒడిలో చంటిబిడ్డ. ఆ బిడ్డ వింటుండగా అన్నాడా మాట. నాకు భయం తర్వాత వేసింది, ముందైతే రోత పుట్టింది. టమాటలు ఏరుకుందామని వంగే ధైర్యం కూడా లేకపోయింది, ఎందుకంటే వెనుక వచ్చే కార్లు వాటిని చిదుముకుంటూ, హారన్లు కొట్టుకుంటూ, ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి.

రెండు నెలల కిందటి దాకా సరిగ్గా ఆ చోటనే ఒక స్పీడ్ బ్రేకర్ ఉండేది. అదెట్లా వచ్చిందో తెలిసినవాళ్ళు మన గోదావరిఖనిలో ఇప్పుడు ఎంతమంది మిగిలారో నాకు తెలియదు గాని, నా ఈడు వాళ్ళకు ఆ రోజుల రోడ్డు మాత్రం గుర్తుండే ఉంటుంది. బొగ్గు బావి షిఫ్టు సైరన్ మోగిందంటే చాలు, రోడ్డు నిండా నడిచే మనుషులే, టిఫిన్లు పట్టుకొని, ఎంత కడుక్కున్నా కంటి రెప్పల అంచున కాటుకలాగ మిగిలిపోయే బొగ్గుతో. బస్సు డ్రైవరు కూడా ఆ గుంపు దాటేదాకా ఇంజను ఆపుకొని, కిటికీలోంచి ఎవరినో ఒకరిని పలకరిస్తూ కూర్చునేవాడు. అట్లాగని అప్పటి వాళ్ళంతా దేవతలని నేననను. బొగ్గు లారీల వాళ్ళు ఇంకొక్క ట్రిప్పు పడాలని అప్పుడూ ఉరికించేవాళ్ళు. ఆ ఉరుకులాటలోనే మా మూడో తరగతి పిల్ల పోయింది.

అప్పుడు నాది కొత్త ఉద్యోగం, రెండో ఏడు నడుస్తున్నది. ఆ పిల్ల ముందు వరుసలో కూర్చునేది, ఏడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తడబడేది. ఆనాడు గంట కొట్టాక కూడా ఎక్కం అప్పజెప్పేదాకా కదలనియ్యనని తరగతిని కూర్చోబెట్టింది నేనే. చివరికి ఆ పిల్ల తప్పు లేకుండా చెప్పింది, చెప్పి, ఆ సంబరంతో అందరికన్నా ముందు బయటికి ఉరికింది. రోడ్డుకు అవతలి పక్క వాళ్ళమ్మ నిలబడి ఉంది. లారీ చప్పుడు, ఆ తల్లి కేక ఒక్కసారే వినిపించాయి నాకు.

అదే వేళకు మొదటి షిఫ్టు దిగినవాళ్ళు వస్తున్నారు, వాళ్ళలో మా నాన్న ఒకడు, మేము బాపు అనేవాళ్ళం. డ్రైవరు పారిపోలేదు. స్టీరింగు పట్టుకొని కూర్చుండిపోయినవాడిని జనం కిందికి గుంజి రెండు దెబ్బలు వేస్తే, మా బాపే అడ్డం పడి, పిల్లను ఆ లారీలోనే దవాఖానకు తీసుకుపోయాడు, ఆ డ్రైవరుతోనే నడిపించుకుంటూ. దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది. తిరిగి వచ్చిన బాపు ఇంటికి రాలేదు. బడి ముందర, పిల్ల పడ్డ చోటనే నిలబడి, తన వెంట పనిచేసే వాళ్ళను పిలిచి, "ఎవ్వలినీ అడిగేది లేదు. పొద్దుగూకేలోపల గిక్కడ కట్ట లేవాలె" అన్నాడు. రోడ్డు పని కోసమని పక్కన పోసి ఉంచిన కంకరను తట్టలకెత్తి, మట్టి కలిపి, ఎనిమిది గంటలు భూమి లోపల పనిచేసి వచ్చిన మనుషులు కాళ్ళతో తొక్కి తొక్కి రోడ్డుకు అడ్డంగా కట్ట పోశారు. ఒక్కరు కూడా ముద్ద మింగలేదు. తర్వాత సర్కారోళ్ళు దాని మీద తారు పోశారు, తెల్ల పట్టీలు వేశారు, అందరూ దాన్ని స్పీడ్ బ్రేకర్ అన్నారు. ఆ తర్వాత నేనక్కడ పనిచేసినన్నాళ్ళు ఆ బడి ముందర ఒక్క పిల్ల కూడా పోలేదు.

దాన్ని తవ్వి తీసిన రోజు యంత్రం చప్పుడు విని నేను చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. ఎవరు తీయమన్నారని పని చేయిస్తున్నతన్ని అడిగితే, అతను చేతిలో కాగితం చూపించి, "మీ కాలనీవోళ్ళే రాసిచ్చిన్రు గదమ్మా" అన్నాడు. పేర్లు చదువుకుంటూ పోతే ఆరో సంతకం నాదే.

అంతకు కొన్ని రోజుల ముందు మా పెద్దోడు ఒక కాగితం తెచ్చాడు. నేను రొట్టెల పిండి పిసుకుతున్నాను, కళ్ళద్దాలు లోపల ఉన్నాయి. "రోడ్డు మంచిగ చెయ్యమని అందరం రాసిస్తున్నం అమ్మా, నువ్వు గూడ పెట్టు, టీచరమ్మ సంతకమంటే ఇలువుంటది" అన్నాడు. చెయ్యి తుడుచుకొని పెట్టేశాను. చదవకుండా సంతకం పెట్టొద్దని పిల్లలకు ముప్పయ్యేండ్లు చెప్పినదాన్ని.

వాడిని నిలదీస్తే తల గోక్కున్నాడు. కట్ట తగిలి కొత్త కారు అడుగు గీసుకపోతున్నదట, అందరి కార్లదీ అదే బాధట. "అయినా గిప్పుడు నడిచొచ్చే పిల్లలెక్కడున్నరమ్మా, అందరు బస్సులల్ల, ఆటోలల్లనే వస్తున్నరు గద" అన్నాడు. మీ తాత కాళ్ళతో తొక్కి పోసిన కట్ట అది అని నేనంటే, "గప్పటి ముచ్చట గిప్పుడెందుకు" అన్నాడు. నా కడుపున పుట్టినవాడి మీద నాకు అంత అసహ్యం ఎన్నడూ కలగలేదు. దానికన్నా ఎక్కువ నా సంతకం మీద కలిగింది.

శనివారం సంగతి తర్వాత, అది మళ్ళీ వేయాలని నేనే ఒక దరఖాస్తు రాసి, ఇల్లిల్లూ తిరిగాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళే చాలామంది. కుర్చీ వేస్తారు, చాయ్ పోస్తారు, కాళ్ళు మొక్కినవాళ్ళు కూడా ఉన్నారు, సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మా ఆయన లేడు", "మా అబ్బాయినడగాలె", "సోమవారం చూద్దాం టీచర్" అంటారు. ఒకడైతే గేటు దాకా సాగనంపుతూ, రోడ్డు మీద మీరే జర చూస్కొని నడువుండ్రి అని నాకే బుద్ధి చెప్పాడు. వీళ్ళకా నేను అక్షరాలు నేర్పింది అనుకుంటూ, నోరంతా చేదై ఇంటిముఖం పట్టాను.

ఆఖరుకు ఆ పిల్ల తల్లి దగ్గరికి పోయాను. మెట్టు మీద కూర్చొని బియ్యం ఏరుతున్నది. కాగితం సంగతి చెప్పి, మొదటి కాగితం మీద నా సంతకం ఉన్న సంగతి కూడా చెప్పాను. ఆమె చేటను పక్కకు జరిపింది. తర్వాత, "నీకు ఎరుక లేక పెట్టినవ్ టీచరమ్మా, వాళ్ళు ఎరుకయ్యే తీసిన్రు" అని, వేలిముద్ర వేసింది. రెండు పేర్ల ఆ దరఖాస్తు ఆఫీసులో ఇచ్చి వచ్చాను, తీసుకున్నవాడు వెనక్కి తిప్పి ఇంకెవరున్నారని చూసి నవ్వాడు.

ఇన్నేండ్లలో ఆ తల్లి ఆ కట్ట మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. రోడ్డు అంచు దాకా జరిగి, మట్టిలో దిగి, దాన్ని చుట్టి పోయేది. నిన్న సాయంత్రం చూశాను, నున్నటి తారు మీద నడుస్తూ వచ్చి, ఆ చోటికి రాగానే ఎప్పటిలాగే పక్కకు జరిగింది. మతి తప్పిన ముసలామె అనుకున్నారో ఏమో, కార్లవాళ్ళు హారన్లు కొట్టారు. ఒకప్పుడు ఈ రోడ్డున పోయే ప్రతి మనిషికీ ఆమె ఎందుకు పక్కకు జరుగుతుందో తెలుసు. ఆమె ఎదురొస్తే సైకిలు దిగి, ఆమె దాటేదాకా తల వంచుకొని నిలబడినవాళ్ళను నేను చూశాను. ఇప్పుడు ఆ సంగతి తెలిసి ఆ రోడ్డున నడిచేవాళ్ళం బహుశా ఇద్దరమే మిగిలాం, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే.