పెదనాన్న అన్న ‘చూద్దాం’

పోయిన సోమవారం పొద్దున్నే మా పెదనాన్న పోయారు. ముప్పై ఏళ్లు విదేశాల్లో మన రాయబారిగా పనిచేసి, రిటైరయ్యాక పురానాపూల్‌లోని ఇంటికి తిరిగొచ్చి, ఎన్నికల్లో నిలబడి గెలిచిన మనిషి. ఆయన తిరిగిన దేశాలన్నీ పేపర్లు వరసగా రాశాయి. ఆయనకు కొత్తగా మాట నేర్పిన మా గల్లీ పాలవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. అది నేను చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి, ఆయనకు అదే ఇష్టం.

గెలిచిన కొత్తలో ఆయన కాగితాల పని నేనే చూసేదాన్ని. ఎవరొచ్చినా లేచి తానే చాయ్ అందించేవారు. కోపంగా వచ్చినవాళ్లకైతే ఇంకా వేడిగా. “చాయ్ చల్లారేలోపు మనుషులు గుడ చల్లారుతరు బిడ్డా” అనేవారు.

ఒకరోజు మూసీ ఒడ్డున బర్రెలు పెట్టుకున్నవాళ్లు పదిమంది వచ్చారు. కొట్టాలు ఖాళీ చేయమని నోటీసు వచ్చిందట. బర్రెలను తోలుకుని ఎక్కడికి పోవాలి, వేరే జాగా చూపించేదాకా ఆపించమని అడిగారు. పెదనాన్న అంతా విని, తలూపి, మెత్తగా “చూద్దాం” అన్నారు.

మర్నాడు పొద్దున ఇంటి ముందు వాళ్ల డప్పులు. క్యాన్ నిండా పాలు, పళ్లెం నిండా దూద్‌పేడాలు. పెదనాన్న మొహం పాలిపోయింది. నన్ను లోపలికి పిలిచి, తన కొలువులో చూద్దాం అంటే మర్యాదగా కాదనడమేనని, ఆ మాట విని ఇంతవరకు ఏ దేశమూ మిఠాయిలు పంచలేదని వాపోయారు. నాకు నవ్వాగలేదు.

అయినా ఆయన దాచలేదు. బయటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశారు. డప్పు ఆగిపోయింది. వాళ్లలో ఒక పెద్దామె ఆయన్ని ఎగాదిగా చూసింది.

“గట్లనా సారూ? మరి అవుననేటి మాట ఏదున్నదో గది అను. అనేదాంక మేం గీడనే కూసుంటం.”

అన్నట్టే గడపలో కూర్చుంది. పెదనాన్న ఆమెను చూసి చూసి పకపకా నవ్వారు. ముప్పై ఏళ్లలో తననిలా ఎవరూ కట్టిపడేయలేదన్నారు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఫైలు కదలని చోట తానూ కదలకుండా కూర్చున్నారు. ప్రతి బల్ల దగ్గరా ఆయనకు “చూద్దాం సార్” అనే జవాబు దొరికింది.

“గా మాట వినేటోళ్లకు ఎట్లుంటదో ఇప్పుడు తెలుస్తున్నది బిడ్డా” అన్నారు ఒకసారి ఆటోలో. ఆయనంటే నాకు గౌరవం చిన్నప్పటి నుంచీ ఉంది. ప్రేమ మాత్రం ఆ ఆటోలోనే పుట్టింది.

వేరే జాగా చూపించేదాకా కొట్టాలు కదపొద్దని ఆర్డరు వచ్చిన సాయంత్రం మేమిద్దరం అక్కడికి నడిచి వెళ్లాం. పెద్దామె పాలు పిండుతోంది. లేవలేదు.

“ఐనట్టా, చూద్దామా?” అని మాత్రం అడిగింది.

“ఐంది అక్కా” అన్నారు పెదనాన్న.

ఆమె కాస్త జరిగి పక్కన చోటిచ్చింది. మాజీ రాయబారి ప్యాంటు పైకి లాక్కుని గొంతుకూర్చుని పొదుగు మీద చెయ్యి వేశారు. బర్రె తోకతో ఒక్కటిచ్చింది. కళ్లద్దాలు ఎగిరి పాల బకెట్‌లో పడ్డాయి. గల్లీ గల్లీ అంతా నవ్వింది, అందరికంటే గట్టిగా పెదనాన్నే.